దసరా సెలవుల్లో పాచికలు తీసేముందు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఈసారి మన బల్ల దగ్గరికి కొత్తవాళ్లు ముగ్గురు వస్తున్నారు. రోల్‌ప్లే ఆట (తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) మొదలెట్టే ముందు ఇవి చూసుకోండి.

కథలో ఏవి అస్సలు రాకూడదో ముందే అందరినీ అడగండి. పోయినేడు నేను అడగలేదు. వరదలో పడవ మునిగే ఘట్టం నడిపాను. ఒకమ్మాయి పాచిక గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మళ్లీ రాలేదు.

బల్ల మధ్యన ఎక్స్ కార్డు, అంటే X అని రాసిన కార్డు, ఉంచండి. జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిన పద్ధతి ఇది: ఎవరు ముట్టుకున్నా ఆ ఘట్టం వదిలేయాలి. కారణం అడగొద్దు, అడిగితే ఇంకెవరూ ముట్టుకోరు.

ఒడియా యాసను రాక్షసులకు తగిలించి నవ్వించొద్దు. మన తెలుగుని వెక్కిరిస్తే ఊరుకుంటామా?

ముగించే వేళ ముందే చెప్పండి. పల్లెల వాళ్లకి చివరి బస్సు దొరకాలి.