ట్రెయిలర్‌లో ఏసీ వేసే ముందు

అమెరికాలో ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) అద్దెకి తెచ్చి గ్యారేజ్ ప్లగ్ మీదే ఏసీ లాగించేద్దాం అనుకునేవాళ్ళు ఇవి చూస్కోండి. 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ ఒక్కటే 12 నుంచి 15 ఆంప్స్ దాకా తినేస్తది, కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ, మన గ్యారేజ్ బ్రేకరేమో 15 లేదా 20 ఆంప్స్‌ది, అందుకే ఫ్రిజ్జు, గీజరు గ్యాస్ మీదకి మార్చేయండి, మైక్రోవేవ్ జోలికి పోకండి (గ్యాస్ స్టవ్ ఉందిగా, చారు వేడి చేస్కోడానికి). ఎక్స్‌టెన్షన్ వైరు సన్నది అస్సలొద్దు, 10 గేజ్‌ది (అంటే లావుపాటిది), పొట్టిది, చుట్ట మొత్తం విప్పేసి వాడండి. పది నిమిషాలయ్యాక ప్లగ్గు కాలుతోందేమో చెయ్యిపెట్టి చూడండి, మాకోసారి ట్రెయిలర్ ప్లగ్గుని ఇంటి సాకెట్‌కి కలిపే అడాప్టర్ పిన్ను దగ్గర ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకి తిరిగింది. వోల్టేజ్ 105 కంటే దిగితే ఏసీ ఆపేయండి. ఆపాక ఓ ఐదు నిమిషాలు ఆగే మళ్ళీ వేయండి.