ఇంట్లో రాకెట్ చేద్దాం – మూడో పాఠం: గొట్టాలే రెక్కలు

పోయిన పాఠం పూర్తయ్యేసరికి మీ దగ్గర మూడు వస్తువులు తయారై ఉండాలి. ముప్పావు ఇంచి పీవీసీ పైపు మీద బ్రౌన్ పేపర్ మూడు చుట్లు చుట్టి చేసిన 40 సెం.మీ. బాడీ గొట్టం, దాని అడుగున అతికించిన 18 మి.మీ. మోటార్ మౌంట్ (రాకెట్‌ను పైకి నెట్టే మందు నింపిన మోటారును పట్టి ఉంచే గూడు), పైన కూర్చునే ముక్కు. రాకెట్‌ను తలకిందులు చేసి మెల్లగా ఊపితే ముక్కు ఊడిపడకూడదు, రెండు వేళ్లతో లాగితే మాత్రం రావాలి. వదులుగా ఉంటే ఒక చుట్టు మాస్కింగ్ టేప్ వేసి సరిచేసుకోండి. ఇక ఈ పాఠంలో రెక్కలు పెడదాం.

రెక్కలనగానే అందరికీ తోక దగ్గర అతికించిన మూడు నాలుగు పలకలు గుర్తొస్తాయి. వాటికి బాల్సా చెక్క కావాలి, నరం ఏ దిక్కున ఉందో చూసి కోయాలి, అంచులు అరగదీయాలి, ఒక్కోదాన్నీ నిట్టనిలువుగా నిలబెట్టి అతికించాలి. ఒకటి రెండు డిగ్రీలు వంకరపోతే రాకెట్ గిరగిరా తిరుగుతూ పోతుంది. ఇంత శ్రమపడ్డాక గట్టి నేల మీద దిగగానే అన్నిటికన్నా ముందు విరిగేది కూడా ఆ పలకే. మొదటిసారి సొంత డిజైన్ చేసేవాళ్లకు పలక రెక్కలు ఎందుకు నేర్పుతారో నాకు అర్థం కాదు. గొట్టాలతో చేస్తే ఈ తంటాల్లో చాలావరకు ఉండవు.

ఎందుకుండవో తెలియాలంటే ఏడు రూపాయి బిళ్లలు తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు ఏడు క్వార్టర్లు తీసుకోండి. ఒకదాన్ని మధ్యలో పెట్టి, మిగతావి దాన్ని ఆనుకునేలా చుట్టూ పేర్చండి. సరిగ్గా ఆరు పడతాయి, ప్రతిదీ మధ్య బిళ్లనూ అటూ ఇటూ ఉన్న బిళ్లలనూ తాకుతూ ఉంటుంది. ఏ సైజు బిళ్లతో చేసినా ఇంతే, అన్నీ ఒకే సైజు అయితే చాలు. అంటే బాడీ గొట్టం చుట్టిన పైపు మీదే రెక్కలకూ గొట్టం చుట్టుకుంటే, 60 డిగ్రీల కొలత మనం పెట్టక్కర్లేకుండా దానంతటదే కుదురుతుంది. నాలుగే గొట్టాలతో చుట్టూ నింపాలంటే ఒక్కోటి బాడీకన్నా 2.4 రెట్లు లావుండాలి. ఎనిమిదితో అయితే 0.62 వంతు సన్నగా ఉండాలి. అప్పుడు వేరే సైజు పైపు వెతుక్కోవాలి. ఆరుకు ఆ బాధ లేదు.

గొట్టం రెక్కలా ఎలా పనిచేస్తుంది? రాకెట్ నిటారుగా పోతున్నంతసేపూ గాలి గొట్టంలోంచి తిన్నగా దూసుకుపోతుంది. పక్కగాలికి ముక్కు కాస్త ఒరిగిందనుకోండి, అప్పుడు గాలి గొట్టం నోట్లోకి ఏటవాలుగా వస్తుంది, లోపలి గోడలు దాన్ని తమ దిక్కుకు మళ్లిస్తాయి. అలా మళ్లించినప్పుడు తోక మీద పక్కకు తోపుడు పడి, ముక్కు మళ్లీ దారిలోకొస్తుంది. అందుకే గొట్టం నోరు మూసుకుపోకూడదు. అందంగా ఉంటుందని ముందువైపు కాగితం బిరడాలు పెట్టేవాళ్లున్నారు, అవి పెడితే గాలి లోపలికి పోయే దారే ఉండదు.

దీనికి చెల్లించే మూల్యం ఎత్తు. లెక్క చూడండి: మన బాడీ బయటి చర్మం దాదాపు 345 చదరపు సెం.మీ. ఆరు గొట్టాలకు, 5 సెం.మీ. పొడవు చొప్పున, లోపలి చర్మం, బయటి చర్మం కలిపితే 500 దాటుతుంది. గాలి ఒరుసుకునే చోటు రెండు రెట్లకు పైగా పెరిగిందన్నమాట. పలక రెక్కల రాకెట్ అంత ఎత్తు ఇది పోదు. ఎత్తు పోటీకి వెళ్లాలనుకుంటే ఈ పాఠం వదిలేయండి. పిల్లలతో ఒక మోస్తరు గ్రౌండులో ఎగరేసి, రాకెట్‌ను చేత్తో పట్టుకుని ఇంటికి రావాలనుకుంటే మాత్రం తక్కువ ఎత్తే మేలు. అలాగని గ్రౌండు మరీ చిన్నదైతే కుదరదు. అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల ప్రకారం బి తరగతి మోటారుకు కనీసం 200 అడుగుల, దానికన్నా శక్తి ఎక్కువున్న సి తరగతికి 400 అడుగుల ఖాళీ స్థలం ఉండాలి.

ఇక పని మొదలుపెడదాం. ఆరు ముక్కలకు ఆరు గొట్టాలు చుట్టకండి. 32 సెం.మీ. పొడవుతో ఒకే గొట్టం చుట్టి, ఆరు ముక్కలు కోయండి. అప్పుడే అన్నీ ఒకే లావు వస్తాయి. కాగితం కూడా బాడీకి వాడిన రోల్‌లోదే కావాలి. ముప్పావు ఇంచి పైపు పేరుకే ముప్పావు, బయటి కొలత 26.7 మి.మీ. ఉంటుంది. మూడు చుట్లకు కాగితం వెడల్పు సుమారు 25.5 సెం.మీ. కావాలి. మీ కాగితం మందాన్ని బట్టి ఇది ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ అవుతుంది కాబట్టి ముందు జిగురు లేకుండా చుట్టి చూసి కత్తిరించండి. చుట్టు మొదలైన గీత దగ్గరే ముగియాలి. అది దాటి పోతే గొట్టం పొడవునా ఒక గట్టు లేస్తుంది.

పైపు మీద ముందు వంటింట్లో వాడే వ్యాక్స్ పేపర్ ఒక చుట్టు వేయండి, లేకపోతే గొట్టం పైపుకే అతుక్కుపోయి రాదు. బాడీకి అలా వేసి ఉంటే దీనికీ తప్పకుండా వేయాలి, లావు సమానంగా రావాలి కదా. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో కొద్దిగా నీళ్లు కలిపి బ్రష్షుతో పలచగా రాయండి. మొదటి చుట్టు పొడిగానే ఉండాలి, రెండో చుట్టు నుంచి జిగురు. చుట్టాక పైపు మీద అరగంట ఉంచి, తర్వాత మెల్లగా తిప్పుతూ లాగి, నిలబెట్టి ఆరబెట్టండి. పడుకోబెడితే కోడిగుడ్డు ఆకారం వచ్చేస్తుంది.

బాగా ఆరాక గొట్టాన్ని మళ్లీ పైపు మీదికి ఎక్కించి కోయండి. 5 సెం.మీ. దగ్గర ఒక కాగితం పట్టీ చుట్టండి. పట్టీ అంచులు ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చుంటే అది నిట్టడ్డంగా ఉన్నట్టే. ఆ అంచు వెంట కట్టర్ బ్లేడు కదలకుండా పెట్టి, పైపును తిప్పండి. ఒకే దెబ్బకు కోయాలని చూడకండి, నాలుగైదు తిప్పుళ్లలో తెగితే అంచు నూలుపోగు లేవకుండా వస్తుంది. కోసిన అంచులకు వేలితో కాస్త జిగురు రాసి, ఆరాక సన్నటి శాండ్ పేపర్ మీద గుండ్రంగా రుద్దండి.

ఇప్పుడు అసలు పరీక్ష. బాడీని మోటార్ వైపు కిందకు పెట్టి గాజు బల్ల మీద నిలబెట్టండి. మౌంటులో మోటారు ఉంటే తీసేయండి, అది కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. ఆరు ముక్కలను చుట్టూ పేర్చి, పైనొకటి కిందొకటి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఏదో ఒక చోట చిన్న సందు మిగలడం మామూలే. దానికో లెక్కుంది: రెక్క గొట్టాలు బాడీకన్నా ఎంత సన్నగా ఉంటే, ఆఖరి సందు దానికి దాదాపు మూడున్నర రెట్లు వస్తుంది. లావులో 0.3 మి.మీ. తేడా కంటికి కనపడదు గానీ, ఆరూ పేర్చేసరికి 1 మి.మీ. సందుగా బయటపడుతుంది. సందు 1 మి.మీ. లోపు ఉంటే ఆ ఒక్క చోట కాగితం ముక్క మడిచి పెట్టండి, సరిపోతుంది. అసలు సమస్య దీనికి తిరగబడితే వస్తుంది. రెక్కలు బాడీకన్నా లావైతే ఆరోది పట్టనే పట్టదు. నొక్కి దూరిస్తే అన్నీ అష్టవంకర్లు పోతాయి. అప్పుడు బాడీ మీద రెక్కలు కూర్చునే 5 సెం.మీ. మేర ఇంకో చుట్టు కాగితం వేయండి, లెక్క కుదురుతుంది.

ముక్కలు అతికించేటప్పుడు కాగితం అంచు గీత, అంటే చుట్టు ముగిసిన గీత, బయటివైపు ఉండాలి. ప్రతి గొట్టానికీ మూడు చోట్ల తాకుడు ఉంటుంది, ఒకటి బాడీతో, రెండు పక్కవాటితో, అన్నీ లోపలి సగంలోనే. గీత అక్కడ పడితే ఆ కాస్త మందమే సందుగా మారుతుంది.

బాడీ చుట్టుకొలతను ఆరు భాగాలు చేసి, పొడవునా గీతలు గీయండి. మన గొట్టానికి గీతకూ గీతకూ మధ్య సుమారు 14.4 మి.మీ. వస్తుంది. ప్రతి గీత మీదా సన్నటి తెల్ల జిగురు గీత లాగి, ఒక్కో ముక్కనూ ఆనించి, పక్కదానితో తాకే చోట ఇంకో గీత వేస్తూ పోండి. ఆరూ అయ్యాక రబ్బరు బ్యాండ్లు. ఇక్కడ ఫెవిక్విక్ వద్దు. ఒకసారి పట్టుకుంటే జరపలేం, ఆరో ముక్క దగ్గరికి వచ్చేసరికి జరపాల్సిన అవసరం తప్పకుండా పడుతుంది. రబ్బరు బ్యాండ్లు బిగుతుగా ఉన్నా గొట్టాలు నొక్కుకుపోతాయి, పట్టీపట్టనట్టు ఉండాలి. అలాగే నిలబెట్టి రాత్రంతా వదిలేయండి.

గొట్టాల అడుగు అంచు, బాడీ అడుగు అంచు ఒకే మట్టంలో ఉండాలి. రెక్కలను ఇంకా వెనక్కు జరిపితే నిలకడ పెరుగుతుంది కదా అని కొందరికి ఆశ పుడుతుంది. కానీ అప్పుడు మోటారు మంట గొట్టాల మధ్య గూడులోకి పోతుంది, కాగితం మాడుతుంది. మోటారు నోరు ఒక గొట్టం లోపలికి దాని వ్యాసమంత లోతుకు పోతే తోపుడే చచ్చిపోతుంది. రాకెట్రీ వాళ్లు దీన్ని క్రుష్నిక్ ఎఫెక్ట్ అంటారు.

ఇప్పుడు లాంచ్ లగ్. రాకెట్ మొదటి మీటరు దారి తప్పకుండా ఇనుప రాడ్డు వెంట జారడానికి పెట్టే సన్నటి గొట్టం ఇది. రాడ్డు 3.2 మి.మీ. లావు. బాడీకీ రెండు రెక్క గొట్టాలకూ మధ్య మూడు మూలల సందు ఒకటి ఉంది చూశారా, మన కొలతలకు అందులో సరిగ్గా 4.2 మి.మీ. గుండ్రని వస్తువు పడుతుంది. మామూలు ప్రింటర్ కాగితాన్ని రాడ్డు మీద రెండు చుట్లు వదులుగా చుట్టి అతికిస్తే 3.9 మి.మీ. లగ్ తయారు. దాన్ని ఈ సందులో అతికించండి. ఇంకో 3 సెం.మీ. ముక్కను బాడీ మీదే, కిందనుంచి 25 సెం.మీ. ఎత్తులో, దీనికి సూటిగా అతికించండి. రెండూ బాడీకి ఆనే ఉంటాయి కాబట్టి ఎత్తు పెంచడానికి చెక్క ముక్కలు అక్కర్లేదు. అతికించేటప్పుడు రెండింట్లోనూ రాడ్డు దూర్చి ఉంచండి, జిగురు పట్టగానే లాగేయండి. గొట్టాల మధ్య జిగురు వేసేటప్పుడు ఈ ఒక్క సందులో ఎక్కువ పోయకండి, గట్టిపడితే మళ్లీ గీకి తీయడం నరకం.

రంగు ఎవరిష్టం వాళ్లది. పలచగా వేయండి, తోక బరువెక్కితే కింద చెప్పబోయే పరీక్షలో తేలిపోతుంది.

రాకెట్ నిలకడగా పోతుందో లేదో కాగితం మీద లెక్క కట్టడానికి 1960లలో నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ సూత్రాలు రాశారు. అవి పలక రెక్కలకు రాసినవి, గొట్టాలకు నేరుగా పనికిరావు. కంప్యూటర్ ఉన్నవాళ్లు ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గొట్టపు రెక్కలు కూడా గీసి చూడొచ్చు. అది చూసినా చూడకపోయినా తాడు పరీక్ష మాత్రం మానకండి.

మోటారు పెట్టండి, దాన్ని అంటించే ఇగ్నైటర్ పెట్టొద్దు. పారాషూట్ ఇంకా చేయలేదు కాబట్టి దాని బదులు 6 గ్రాముల బరువున్న గుడ్డ ముక్క లోపల కూరండి. ముక్కు పెట్టి టేపు వేయండి, తిప్పేటప్పుడు ఎగిరిపోకుండా. రాకెట్‌ను వేలి మీద నిలబెట్టి సమతూకం కుదిరే చోటు గుర్తుపెట్టుకుని, అక్కడ రెండున్నర మీటర్ల దారం కట్టి టేపు వేయండి. చుట్టుపక్కల ఎవరూ లేని చోట నిలబడి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు పెట్టుకుని తిన్నగా తిరిగితే పాసైనట్టే. అడ్డంగా తిరిగినా, తోక ముందుకు వచ్చినా మైనపు బంకమట్టి 2 గ్రాములు ముక్కులో వేసి, సమతూకం చోటు మళ్లీ చూసి, దారం అక్కడికి జరిపి మళ్లీ తిప్పండి. దారం జరపడం మర్చిపోతే పరీక్షకు అర్థమే లేదు. పొడుగు రాకెట్లు నిజానికి బాగా ఎగిరేవి కూడా ఒక్కోసారి ఈ పరీక్షలో తప్పుతాయి గానీ, తిన్నగా తిరిగినదాన్ని మాత్రం నమ్మొచ్చు.

మొత్తం బరువు మోటారుతో కలిపి 70 గ్రాముల దగ్గర ఉంటే బాగున్నట్టు. మొదటి ఎగురుడుకు బి6-4 తీసుకోండి. చివరి అంకె, మంట ఆరాక పారాషూట్ తెరుచుకోవడానికి పట్టే సెకన్లు. గాలి నిరోధం ఎక్కువ కాబట్టి మన రాకెట్ తొందరగా ఆగిపోతుంది, ఎక్కువ ఆలస్యం పనికిరాదు. సి తరగతికి వెళ్లినా సి6-5 చాలు, సి6-7 వద్దు.

ఇండియాలో చదువుతున్నవాళ్లకు ఒక మాట. మోటారు దొరకలేదని దీపావళి తారాజువ్వల మందు విప్పి గొట్టంలో కూరే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. మోడల్ రాకెట్ మోటారుతో తప్పేది సరిగ్గా ఆ ప్రమాదమే. 1954లో నెబ్రాస్కాలో చెప్పుల షాపు నడుపుతూ, బాణసంచాలో లైసెన్సు కూడా ఉన్న ఆర్విల్ కార్లైల్, మందును ముందే నింపి మూసిన కాగితపు మోటారును తయారుచేశాడు. వాడేవాళ్లు మందు ముట్టుకోనే అక్కర్లేదు. మోటారు దొరకనివాళ్లు ఇదే లెక్కతో, నీళ్లు, గాలి ఒత్తిడితో ఎగిరే నీటి రాకెట్‌కు రెక్కలు పెట్టుకోవచ్చు. ఒకే రకం కూల్‌డ్రింక్ సీసాలు ఏడు తీసుకుని, ఆరింటి నడుం భాగం ఉంగరాల్లా కోసి, ఏడో సీసా చుట్టూ టేపుతో కట్టండి. గాలి నింపే సీసాకు మాత్రం ఎక్కడా కోత, గీత పడనివ్వకండి.

వచ్చే పాఠం పారాషూట్, దాని మంటకాపు దూది, లాంచ్ ప్యాడ్. అప్పటికి పలచటి ప్లాస్టిక్ కవరు ఒకటి, గట్టి దారం రెండు మీటర్లు, పావు ఇంచి వెడల్పు ఎలాస్టిక్ ఒక మీటరు సిద్ధం చేసుకోండి.