దేవుణ్ణి ఉంచి గ్రంథాన్ని ప్రశ్నించినవారిని చదివే తీరు

ఐరోపా జ్ఞానోదయ యుగపు మతవిమర్శను చదవాలనుకునేవారు ముందుగా చేయవలసిన పని, ఆ రచయిత సందేహిస్తున్నది దేవుణ్ణా, గ్రంథాన్నా, సాక్షినా అన్నది పుట అంచున రాసుకోవడం. పర్లాకిమిడిలో మేం నలుగురం కలిసి చదవడం మొదలుపెట్టినప్పుడు ఈ పని చేయక, అందరినీ నాస్తికులుగా ఒకే గాటన కట్టి, రెండు నెలలు వృథాగా వాదించుకున్నాం.

ఆంగ్ల రచయిత థామస్ పెయిన్‌తో మొదలుపెట్టండి. 1794లో వెలువడిన 'ది ఏజ్ ఆఫ్ రీజన్'లో ఆయన ఒక్క దేవుణ్ణి నమ్ముతానని ముందే చెప్పి, దేవుడు ఒకరితో మాట్లాడితే అది ఆ ఒక్కరికే దైవవాక్కు, వారి నోట విన్నవారికి వినికిడి మాటేనని వాదిస్తాడు. సృష్టి నియమాలను చూసి కర్తను ఒప్పుకుంటూ, మహిమలనూ గ్రంథప్రమాణాన్నీ కాదనే ఈ వైఖరినే డీయిజం అంటారు. ఫ్రెంచి రచయిత వోల్టేర్‌దీ ఇదే కోవ: 1755 నవంబరు 1 నాటి లిస్బన్ భూకంపం తరువాత ఆయన సందేహించినది దేవుడి ఉనికిని కాదు, జరిగేదంతా మేలుకేనన్న భరోసాను.

ఎక్కువ సమయం స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్‌కు కేటాయించాలి. మహిమల గురించి 1748లో ఆయన పెట్టిన కొలత ఇది: సాక్ష్యం తప్పు కావడం ఆ మహిమకంటే పెద్ద వింత అయితే తప్ప ఆ సాక్ష్యం చాలదు. వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట దేశమంతా పాకిన 1995 సెప్టెంబరు 21ని ఈ కొలతకు పెట్టి చూడండి. మా వీధి గుడి దగ్గర తెలుగువారూ ఒడియావారూ బారులు తీరారు, నేనూ చెంచా పట్టాను. తొండానికి ఆనించగానే పాలు తగ్గిన మాట నిజమే. వంగి చూస్తే మాత్రం నల్లరాతి బొజ్జ మీదుగా పీఠం దాకా సన్నని తడి గీత కనిపించింది. తలతన్యత వల్ల చెంచా అంచు దాటిన పాలు రాతిని అంటుకుని జారిపోయాయి. ఎవరూ అబద్ధమాడలేదు, చూసినదానికి పేరు తప్పు పెట్టారు. హ్యూమ్ కొలత అబద్ధాలకోరులకంటే ఇటువంటి నిజాయితీపరుల దగ్గరే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

చివరకు, హ్యూమ్ మరణించిన మూడేళ్లకు 1779లో వెలువడిన సహజమత సంభాషణలను తీయండి. ఇళ్లు కట్టడం లోగడ చూశాం గనుక ఇల్లు చూసి మేస్త్రీ ఉన్నాడంటాం. ప్రపంచాలు కట్టడం ఎవరు చూశారని అందులోని సంశయవాది పాత్ర ఫైలో లేవదీసే అభ్యంతరం డీయిస్టు పునాదినే కదుపుతుంది. డీయిస్టుకూ సంశయవాదికీ దారులు చీలే చోటు ఇదే గనుక తొందరపడకుండా ఒకరిని సృష్టిని చూసి కర్త ఉన్నాడని వాదించే క్లియాంథిస్ పక్షాన, ఒకరిని ఫైలో పక్షాన కూర్చోబెట్టి, మరుసటి వారం పక్షాలు మార్చండి. మాలో ఫైలో పక్షాన వాదించి నెగ్గినవారు పౌరోహిత్యం చేసుకునే పెద్దాయన. సృష్టి జరుగుతుండగా చూసి మనకు చెప్పినదెవరని వేదాన్నే ప్రమాణంగా పట్టే మీమాంసకుడైన కుమారిలభట్టు ఏనాడో అడిగాడంటూ ఆయన తన సంచీలోంచి కుమారిలుడి శ్లోకవార్తికం తీశారు.