హాల్లో కట్టిన పిట్టగోడకు పగులు మళ్లీ మళ్లీ వస్తుంటే

హాలుకీ డైనింగ్‌కీ మధ్య మూడడుగుల పిట్టగోడ, పైన గ్రానైట్ పలక, కింద చుట్టూ బీడింగ్, అంటే అంచు కప్పే సన్నటి పట్టీ. హైదరాబాద్ ఫ్లాట్లలో ఇలాంటివి చాలా బాగు చేశాను. పిలిచినవాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: "పెద్ద గోడతో కలిసే చోట సన్నగా పగులు వచ్చింది, పుట్టీ పెట్టించాం, మళ్లీ వచ్చింది." నేను అడిగేదీ ఒకటే: గోడ చివర పట్టుకుని ఊపి చూశారా? చూసినవాళ్లు ఇంతవరకూ కనపడలేదు.

పుట్టీ డబ్బా తెరవకముందే ఈ పని చేయండి. గోడ ఖాళీ చివర, పైభాగంలో అరచెయ్యి ఆనించి గట్టిగా నెట్టండి. ఇంట్లో ఇంకొకరిని పగులు మీద వేలు పెట్టి ఉంచమనండి. వేలికి కదలిక తెలిసిందంటే అది పెయింటర్ పని కాదు.

పగులు ఉంది, గోడ కదలట్లేదు

పక్కనున్నది కాంక్రీటు పిల్లర్ అయితే కారణం చాలావరకు అక్కడే. నున్నటి పిల్లర్‌నీ ఇటుకనీ కలిపి ఒకే గిలాబు పూస్తే, ఆరేటప్పుడు ఆ గీత వెంబడే విడిపోతుంది. రెండు పక్కలా ఆరేసి అంగుళాల గిలాబు తీసి, పిల్లర్ మీద పైపైన గాట్లు పెట్టి, కోళ్ల జాలీ మేకులతో బిగించి మళ్లీ పూయించండి. ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. మే నెలలో అయితే గోనెపట్టా తడిపి కప్పాలి.

పగులు ఉంది, గోడ కదులుతోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మా ఇంట్లోనే మూడుసార్లు పగులు పూడ్పించాను. మొదట పుట్టీ, తర్వాత క్రాక్ ఫిల్లర్, ఆ తర్వాత మెష్ టేపు. ప్రతిసారీ కొన్ని వారాల్లోనే తిరిగొచ్చింది. నాలుగోసారి ఎందుకో కింది బీడింగ్ ఊడదీశాను. గోడ అడుగుకీ టైలుకీ మధ్య పెళ్లి శుభలేఖ మందం సందు ఉంది, అట్టముక్క లోపలికి దూరిపోయింది. అందం కోసం కొట్టిన బీడింగ్ అన్నాళ్లూ అసలు సంగతిని కప్పేసింది.

మేస్త్రీ గోడను నేరుగా టైలు మీద కట్టేశాడు. విట్రిఫైడ్ టైలు తన బరువులో 0.5 శాతం కంటే ఎక్కువ నీరు పీల్చదు, పైగా పాలిష్ ముఖం. సిమెంటుకు పట్టు దొరకదు. దానికి తోడు చాలాచోట్ల టైలు మధ్యలో మాలు ముద్ద పెట్టి మూలలు వదిలేస్తారు. రూపాయి బిళ్లతో తట్టండి, డొల్ల శబ్దం వినిపిస్తుంది. నాలుగడుగుల పొడవు గోడ గిలాబుతో కలిపి 250 కిలోలకు పైనే ఉంటుంది. అంత బరువుంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. బరువు గోడను నిలబెడుతుంది తప్ప పక్కకు ఊగకుండా ఆపలేదు. పిల్లలు ఆనుకుంటారు, సోఫా జరిపినప్పుడు తగులుతుంది. ఆ ఊపంతా పెద్ద గోడ దగ్గరి అతుకు మీద పడి అక్కడ పగులు కనిపిస్తుంది. జబ్బు మాత్రం అడుగున ఉంది.

దీనికి పైపై మందు లేదు, గోడ విప్పి మళ్లీ కట్టాలి. ఇటుక నాలుగంగుళాలు, రెండు వైపులా గిలాబుతో కలిపి ఐదు. ఆ వెడల్పున గ్రైండర్‌తో టైలు కోయించి, స్లాబు కనిపించేదాకా కింది మాలు తీయించండి. ఆ దారిలో కరెంటు పైపుగానీ నీళ్ల పైపుగానీ పోతోందేమో ముందే తేల్చుకోండి.

ఖాళీ చివర నాలుగంగుళాల చిన్న కాంక్రీటు పోస్టు రావాలి. దానికోసం స్లాబులో మూడంగుళాల లోతు రంధ్రాలు చేసి, రెండు 10 ఎంఎం చువ్వలు కెమికల్ యాంకర్‌తో, అంటే చువ్వను కాంక్రీటుకు అతికించే జిగురుతో నిలబెట్టాలి. అంతకంటే లోతుకు పోవద్దు, స్లాబు మందం చాలా ఇళ్లలో ఐదంగుళాలే. రంధ్రంలోని దుమ్ము బ్రష్షుతో తీసి ఊదేయాలి. అది వదిలేస్తే చువ్వ దుమ్ముకే అతుక్కుంటుంది. మీది పోస్ట్ టెన్షన్ స్లాబు అయితే డ్రిల్ అసలు పెట్టొద్దు, లోపల బిగదీసిన తీగలుంటాయి. ముందు మెయింటెనెన్స్ ఆఫీసులో అడగండి. అలాంటి ఇంటికి ఇటుక వదిలేసి తేలికపాటి జిప్సం బోర్డు గోడ మేలు.

ఇటుక ఒకటికి నాలుగు (సిమెంటు ఒక వంతు, ఇసుక నాలుగు) మాలుతో కట్టించి, పైన మూడంగుళాల కాంక్రీటు బెల్టు పోయించండి. అందులోని రెండు 8 ఎంఎం చువ్వలు ఒక కొస పెద్ద గోడలోకి, రెండో కొస పోస్టులోకి పోవాలి. పక్కన పిల్లర్ ఉంటే దాన్ని పళ్లుపళ్లుగా చెక్కనివ్వకండి, ఇంటి బరువు మోసేది అదే. పలక వేసేముందు మళ్లీ ఒకసారి ఊపి చూడండి.

బీడింగ్ తిప్పలు

మూల అతుకులు విచ్చుకుంటే కర్ర ఆరలేదని అర్థం. వానల్లో తెచ్చి వారంలో కొట్టేస్తే ఎండాకాలానికి సందు తెరుచుకుంటుంది. ఆరిన టేకు తీసుకుని, పదిరోజులు ఇంట్లోనే ఉంచి కోయించండి. కింది బీడింగ్ ఉబ్బితే అది ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు), రోజూ తడిగుడ్డ తగులుతోంది. తీసేసి గ్రానైట్ పట్టీ వేయండి. దాన్నైనా గోడ ఊగట్లేదని తేలాకే అంటించండి.

రంగు మీద తెల్లటి పొడి తేలితే గిలాబు ఆరకముందే రంగు వేశారు. పొడి బ్రష్షుతో దులిపి, పూర్తిగా ఆరనిచ్చి ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి.

చెదలు, పునాది కుంగడం లాంటివి అరుదు. ఇంట్లో మిగతా గోడలు కూడా పగులుతుంటే తప్ప వాటి గురించి టెన్షన్ వద్దు. పగులుతుంటే మేస్త్రీని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.