వానలకు ముందు మలేరియా జాగ్రత్తలు: జ్వరం దిగిన రోజున చేసే పొరపాటు

చెన్నై పెరంబూరులో ఒక బిల్డింగులో సెంట్రింగ్ పని చేసే శ్రీకాకుళం కుర్రాణ్ణి పోయిన నెల ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని మా ల్యాబ్‌కి తీసుకొచ్చారు. ఊరు వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి చలిజ్వరం వచ్చి పోతోందట. వచ్చినప్పుడల్లా పారాసిటమాల్ వేసుకున్నాడు, చెమట పట్టి ఒళ్ళు చల్లబడగానే పనిలోకి పోయాడు. మా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు పచ్చబడ్డాయి, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతున్నాడు. రక్తం స్లైడ్ నిండా ఫాల్సిపేరం, అంటే మలేరియాలో ప్రాణం మీదికి తెచ్చే రకం క్రిమి. పెద్దాసుపత్రికి పంపాం. ప్రాణం దక్కింది కానీ కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

అక్టోబరులో చెన్నైకి అసలు వానలు మొదలవుతాయి. కొబ్బరి చిప్పలు బోర్లించండి, దోమతెర కట్టుకోండి అని కార్పొరేషన్ వాళ్ళు ఎటూ చెబుతారు, అవి మీకు తెలిసినవే. నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఒక్కటి: జ్వరం దిగింది కదా అని మలేరియా పోయిందనుకోకండి. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఇన్నేళ్ళుగా నేను చూసిన ముదిరిన కేసుల్లో చాలావాటికి మొదలు ఇదే.

జ్వరం లేని రోజున లోపల ఏం జరుగుతుంది

దోమ కుట్టగానే మలేరియా క్రిమి నేరుగా రక్తంలో కాపురం పెట్టదు. ముందు కాలేయంలో చేరి, సుమారు వారం అక్కడ పెరిగి, వేల సంఖ్యలో రక్తంలోకి దిగుతుంది. ఒక్కో క్రిమి ఒక ఎర్ర కణాన్ని తాకి, తన మొన దానివైపు ఉండేలా తిరిగి, గట్టిగా అతుక్కుని, ఆ కణం పొరనే తన చుట్టూ సంచిలా ముడుచుకుంటూ లోపలికి దూరిపోతుంది. ఇదంతా నిమిషం లోపే అయిపోతుంది. ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు, లోపల ఎవరో చేరారని బయటి రక్షణ కణాలకు చెప్పుకునే ఏర్పాటూ ఉండదు. అందుకే క్రిమికి అంతకన్నా మంచి దాపు దొరకదు.

లోపల చెదపురుగులా తినడం మొదలుపెడుతుంది. ఫాల్సిపేరం అయితే కణంలోని హిమోగ్లోబిన్‌లో మూడింట రెండొంతుల దాకా తినేస్తుంది. తినగా మిగిలిన ఇనుము పదార్థం దానికే విషం, కాబట్టి దాన్ని నల్లని గింజలుగా మార్చి పక్కన పెట్టుకుంటుంది. 1897 ఆగస్టులో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తుపట్టింది ఈ నల్ల గింజల వల్లే.

సుమారు 48 గంటలకు కణం పగులుతుంది. ఒక్కోదాంట్లోంచి పదీ ఇరవై కొత్త క్రిములు బయటపడతాయి. అన్నీ ఒకేసారి పగిలినప్పుడు వణుకు, జ్వరం, తర్వాత చెమటలు. ఆ కొత్త క్రిములు మాత్రం అప్పటికే వేరే కణాల్లోకి దూరిపోయి ఉంటాయి. మీకు హాయిగా ఉన్న రోజున అవి లోపల కూర్చుని తింటూ ఉంటాయి. పారాసిటమాల్ ఒంటి వేడి తగ్గిస్తుంది, క్రిమిని ఏమీ చేయదు. ఫాల్సిపేరం జ్వరానికి ఈ లెక్క కూడా సరిగ్గా ఉండదు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. కాబట్టి రోజు విడిచి రోజు రావట్లేదు, మలేరియా కాదులే అనుకోవడమూ తప్పే.

పరీక్ష దగ్గర

రంగు వేసిన స్లైడ్‌లో గులాబీ బిళ్ళల్లాంటి ఎర్ర కణాల మధ్య, ఒకదాని లోపల సన్నని నీలి ఉంగరం, దాని అంచున ఎర్ర చుక్క కనిపిస్తుంది. అదే క్రిమి. చెన్నైలో మనకు ఎక్కువగా కనిపించే రెండో రకం, వైవాక్స్ అయితే ఆ కణం చుట్టుపక్కల వాటికన్నా ఉబ్బి ఉంటుంది. వైవాక్స్ లేత ఎర్ర కణాల్లోకే దూరుతుంది, అవేమో రక్తంలో నూటికి ఒకటో రెండో ఉంటాయి. అందుకని ఓపిగ్గా వెతకాలి. ఫాల్సిపేరం సంగతి ఇంకోలా ఉంటుంది. ముదిరిన క్రిమి ఉన్న కణం పైన బుడిపెలు వచ్చి, మెదడులో, ఇతర అవయవాల్లో సన్న రక్తనాళాల గోడలకు అతుక్కుపోతుంది. వేలి కొన నుంచి తీసిన రక్తంలో అది దొరకదు. లేత ఉంగరాలే కనిపిస్తాయి, ఒక్కోసారి అవీ కనిపించవు.

అందువల్ల ఒకసారి నెగెటివ్ వచ్చిందని వదిలేయకండి. అనుమానం ఉంటే మర్నాడు, ఆ మర్నాడు కూడా రక్తం ఇవ్వండి. జ్వరం దిగిపోయినా ఇవ్వండి. ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగ్యూనే అని తేల్చేసుకోకండి, మలేరియాలోనూ తగ్గుతాయి. రెండు పరీక్షలూ చేయించండి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఆ మాట డాక్టరుతో ముందే చెప్పండి, అక్కడ ఫాల్సిపేరం ఎక్కువ.

మాత్రల దగ్గర

వైవాక్స్‌కి మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలోని క్రిముల్ని చంపుతుంది. జ్వరం పోతుంది. అసలు చిక్కు అక్కడే మొదలు. కొన్ని క్రిములు కాలేయంలో నిద్రపోతూ ఉంటాయి, వారాలకో నెలలకో లేచి మళ్ళీ రక్తంలోకి దిగుతాయి. వాటికోసమే ప్రైమాక్విన్, పద్నాలుగు రోజులు. జ్వరం తగ్గిందిగా అని నాలుగో రోజునే మానేసినవాళ్ళు దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి మళ్ళీ మా బల్ల ముందు కూర్చుంటారు. ప్రతిసారీ రక్తం కొంచెం తగ్గే ఉంటుంది.

ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్ళకు ఈ మాత్రతో ఎర్ర కణాలు చితికిపోతాయి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఇది ఇవ్వరు.

ఇక మిగతావన్నీ వరసగా చెప్పేస్తాను.

- ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకోవద్దు.
- వేసుకున్న అరగంట లోపు వాంతి అయితే డాక్టరుకు చెప్పి మళ్ళీ వేసుకోండి.
- పాత చీటీ చూపించి క్లోరోక్విన్ కొనుక్కోవద్దు. ఫాల్సిపేరం మన దేశంలో దానికి లొంగదు. రిపోర్టులో ఏ రకమో రాసి ఉందో లేదో చూడండి.
- మీకు మిగిలిన మాత్రలు రూమ్‌మేట్‌కి ఇవ్వద్దు. అసలు మిగలకూడదు.
- మెట్రో వాటర్ లారీ నీళ్ళు పట్టిన డ్రమ్ములు, మేడ మీద ట్యాంకు, బావి, సంపు: మూతలు సందు లేకుండా ఉండాలి. ఈ ఊళ్ళో మలేరియా దోమ శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. డ్రమ్ములు వారానికోసారి తోమి ఆరబెట్టండి.
- మేస్త్రీలూ, సైటులో పడుకునే మీ మనుషులకు దోమతెరలు కొనివ్వండి. జ్వరం వచ్చినవాణ్ణి దిగగానే పనిలోకి పిలవకండి.
- డెంగ్యూ కాదని తేలేదాకా ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు.
- మలేరియా వచ్చి తగ్గినవాళ్ళు రక్తదానం చేసేముందు ఆ సంగతి చెప్పండి.
- గర్భిణికి జ్వరం వస్తే ఆ పూటే రక్త పరీక్ష. రేపటిదాకా ఆగద్దు.
- జ్వరం దిగినా పరీక్ష మానద్దు. జ్వరం దిగినా మాత్ర ఆపద్దు.
- ప్రైమాక్విన్ వాడుతుండగా మూత్రం నల్లబడితే మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.
- మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గిపోయినా, ఊపిరి అందకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా 108కి ఫోన్ చేయండి. అప్పటికి జ్వరం లేకపోయినా సరే.