ప్రోగ్రామ్ ప్యాకేజింగ్, 4వ పాఠం: ముందు పాత మెషీన్, తర్వాతే టూల్

ఈ వారం పైఇన్‌స్టాలర్ (పైథాన్ ప్రోగ్రామ్‌ను మూటకట్టే టూల్), గో (ఒక ప్రోగ్రామింగ్ భాష), సీమేక్ (సీ ప్లస్ ప్లస్ బిల్డ్‌కు వాడే టూల్) మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎప్పుడు వాడాలో చెప్తానన్నాను. చెప్తాను, కానీ కాసేపాగి. గత పాఠంలోని తూకం లెక్కల ప్రోగ్రామ్‌ను ప్యాక్ చేసి ఇంకో లినక్స్ కంప్యూటర్‌కి కాపీ చేసినవాళ్లలో చాలామందికి ఒకటే ఎర్రర్ వచ్చింది: ‘గ్లిబ్‌సీ 2.38 నాట్ ఫౌండ్’. పైథాన్ అంతా ఫోల్డర్‌లోనే వెళ్తుంది, అవతల ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదని రాసింది నేనే. లినక్స్ వరకు ఆ మాట సగమే నిజం. మిగతా సగం ఇప్పుడు చెప్తాను.

పైఇన్‌స్టాలర్ మీ కోడ్‌నీ, పైథాన్‌నీ, మీరు వాడిన లైబ్రరీలనీ కలిపి మూట కడుతుంది. గ్లిబ్‌సీని మాత్రం అందులో పెట్టదు. ఫైలు తెరవడం, మెమరీ అడగడం లాంటి పనులన్నిటికీ మామూలు లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు ఆధారపడేది ఆ లైబ్రరీ మీదే. అవతలి మెషీన్‌లో ఏది ఉంటే దానితోనే సర్దుకోవాలి. ఉబుంటు అనే లినక్స్ రకంలో 24.04 విడుదలలో ఉన్నది గ్లిబ్‌సీ 2.39. 22.04లో 2.35. 20.04లో 2.31. మీరు 24.04లో కట్టిన మూటను 22.04లో విప్పారు.

‘నేను కొత్త ఫంక్షన్ ఏదీ వాడలేదు, ఉన్నవి మామూలు కూడికలే కదా’ అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. గ్లిబ్‌సీలో ప్రతి ఫంక్షన్‌కీ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది. పాత ముద్రలను కొత్త విడుదలల్లోనూ తీసేయకుండా ఉంచుతారు కాబట్టి పాత మెషీన్‌లో తయారైనది కొత్తదాంట్లో నడుస్తుంది. కంపైల్ చేసేటప్పుడు మాత్రం ఆ మెషీన్‌లో ఉన్న సరికొత్త ముద్రే పడుతుంది. అక్షరాల్లో ఉన్న అంకెను సంఖ్యగా మార్చే ‘స్ట్ర్‌టోల్’ సంగతే చూడండి. సీ భాషలో ఎప్పటినుంచో ఉన్న ఫంక్షన్ అది. సీ23 ప్రమాణం కోసం 2.38లో దానికి ఇంకో రూపం చేర్చారు. 24.04లో కంపైలైన పైథాన్‌లో ఆ పాత పిలుపే కొత్త పేరుతో, 2.38 ముద్రతో నమోదై ఉంటుంది. 22.04లో ఆ పేరే లేదు. అందుకే మీరు రాసిన కోడ్‌లో ఏ తప్పూ లేకపోయినా ప్రోగ్రామ్ తెరుచుకోదు.

ఇక్కడే చాలామంది చేసిన ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. కొత్త మెషీన్‌లోని లిబ్‌సీ ఫైలును (గ్లిబ్‌సీ ఉండేది అందులోనే) తెచ్చి పాత మెషీన్ సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టకండి. నెట్‌లో ఎవరు సలహా ఇచ్చినా సరే, పెట్టకండి. ఆ మెషీన్‌లో దాదాపు ప్రతి కమాండ్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. అది కాస్తా పొసగకపోతే మరుక్షణం ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కూడా పలకదు, పాత ఫైలును వెనక్కి పెట్టడానికి కాపీ కమాండూ నడవదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి బాగుచేసుకోవాలి. ఒక రాత్రంతా ఆ పని చేశాను. షాపులో బిల్లింగ్ ఆగిపోయి జనం నిలబడి ఉంటే వచ్చే టెన్షన్ మీకు వద్దు.

సరైన దారి ఒకటే. మీ ప్రోగ్రామ్ నడవాల్సిన మెషీన్లలో అన్నిటికంటే పాతది ఏదో కనుక్కోండి. దానికి సమానమైన చోట బిల్డ్ చేయండి. పాత కంప్యూటర్ కొనక్కర్లేదు, డాకర్ చాలు. మీ మెషీన్‌లోనే ఇంకో లినక్స్‌ను విడిగా నడిపే టూల్ అది; నడిచేదాన్ని కంటైనర్ అంటారు, దానికి మూసను ఇమేజ్ అంటారు. నేను వాడేది డెబియన్ 11 (ఇంకో లినక్స్ రకం) మీద కట్టిన పైథాన్ ఇమేజ్. అందులో గ్లిబ్‌సీ 2.31 కాబట్టి ఉబుంటు 20.04 నుంచి ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఈ ఎర్రర్ రాదు. పేరులో ‘స్లిమ్’ అని ఉన్న ఇమేజ్ తీసుకోకండి. అందులో బైన్‌యుటిల్స్ అనే ప్యాకేజీ ఉండదు, దాంతో వచ్చే ఆబ్జ్‌డంప్ (కంపైలైన ఫైలు లోపల ఏముందో చూపే కమాండ్) దొరకలేదని పైఇన్‌స్టాలర్ మధ్యలో ఆగిపోతుంది.

విండోస్‌లోనూ ఇదే లెక్క. మా ఊరి రైస్‌మిల్లులో కాటా పక్కనున్న కంప్యూటర్ 32 బిట్ విండోస్ 7. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో నడవదు. అందుకని ఆ ఒక్క మిల్లు కోసం 32 బిట్ పైథాన్ 3.8 వేసిన పాత ల్యాప్‌టాప్‌ను అలాగే ఉంచాను. అందులో తయారైన ఫైలు 64 బిట్ విండోస్‌లో కూడా నడుస్తుంది.

ఇప్పుడు టూల్స్. పైఇన్‌స్టాలర్ ఏ సిస్టమ్‌లో నడిపితే ఆ సిస్టమ్‌కే ఫైలు ఇస్తుంది. లినక్స్‌లో కూర్చుని విండోస్ ఫైలు తయారు చేయలేరు, పేరు చివర ఎక్స్‌ఈ తగిలిస్తే అది విండోస్ ఫైలు అయిపోదు. కిటికీలు, బటన్లు లేని చిన్న పనిముట్టయితే నేను గోలోనే రాస్తాను. గూస్, గోఆర్చ్ అనే రెండు వేరియబుల్స్ మారిస్తే ఒకే ల్యాప్‌టాప్ నుంచి విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ ఫైళ్లు వస్తాయి. గోలోకి సీ కోడ్‌ను కలిపే సీగోను ఆపేస్తే లినక్స్‌లో గ్లిబ్‌సీ గొడవే ఉండదు. సీ ప్లస్ ప్లస్ అయితే సీమేక్. అది తనంతట తాను కంపైల్ చేయదు, కంపైల్ పని నడిపించే నింజాకో విజువల్ స్టూడియోకో కావలసిన ఫైళ్లు రాసిపెడుతుంది. దాంతో వచ్చే సీప్యాక్ లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు కడుతుంది.

పైఇన్‌స్టాలర్‌లో అంతా ఒకే ఫైలుగా కట్టే ‘వన్‌ఫైల్’ ఆప్షన్ నేను వాడను. తెరిచిన ప్రతిసారీ మొత్తం టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి, పాత హార్డ్‌డిస్క్ మీద అంతసేపూ స్క్రీన్ ఖాళీగా ఉంటుంది. ఫోల్డర్‌గానే కట్టి, విండోస్‌లో ఇన్నో సెటప్ అనే టూల్‌తో ఇన్‌స్టాలర్ చేస్తాను.

మ్యాక్ సంగతి క్లుప్తంగా: ఇంటెల్ మ్యాక్ కోసం కట్టినది యాపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న మ్యాక్‌లో రొసెట్టా అనే అనువాద సాఫ్ట్‌వేర్ ద్వారా నడుస్తుంది, ఎం1 కోసం కట్టినది ఇంటెల్‌లో నడవదు. బయటివాళ్లకు ఇవ్వాలంటే యాపిల్ నోటరైజేషన్ (ఫైలును యాపిల్ పరిశీలించి ఆమోదించడం) కావాలి, దానికి డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు.

అభ్యాసం. ఇది చేయకుండా 5వ పాఠానికి రాకండి. తూకం ప్రోగ్రామ్‌ను ఉబుంటు 24.04 కంటైనర్‌లో ప్యాక్ చేసి 20.04 కంటైనర్‌లో నడపండి. ఎర్రర్ రావాలి, వచ్చిన వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో రాసుకోండి. అందులో కనిపించిన ఫైలు మీద ఆబ్జ్‌డంప్ నడిపి గ్లిబ్‌సీ ముద్రలన్నీ చూడండి, వాటిలో అతి కొత్త వెర్షన్ కింద గీత గీయండి. తర్వాత డెబియన్ 11లో మళ్లీ కట్టి 20.04, 22.04, 24.04 మూడింట్లోనూ నడపండి. చివరగా మీరు ఈ ప్రోగ్రామ్ ఇవ్వబోయే షాపుకో ఆఫీసుకో వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో ఏ సిస్టమ్ ఉందో, ఎన్ని బిట్లదో మీ కళ్లతో చూసి రాసుకుని రండి. ఫోన్‌లో అడిగితే ‘విండోస్ అండీ’ అని ఊరుకుంటారు.