ఏసీ, టీవీ, ఫోన్ కొనేటప్పుడు మోసపోకుండా, కొన్నాక సర్వీస్ వాళ్ల చుట్టూ తిరక్కుండా ఏం చేయాలి

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. ఎండలకి తట్టుకోలేకపోతోందని రెండేళ్ల కింద ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ తీసుకున్నాం, నేను హైదరాబాద్‌లో ఉండిపోయా, అమ్మే మా బాబాయితో కలిసి షోరూంకి వెళ్లింది. అక్కడబ్బాయి "పదేళ్ల వారంటీ అమ్మగారూ, పదేళ్లు మీరు దాని వైపు చూడక్కర్లేదు" అన్నాడంట. మొన్న మే నెలలో ఏసీ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి పీసీబీ (ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయింది, 9,800 అవుతుంది, వారంటీ లేదు అన్నాడు. అదేంటయ్యా పదేళ్లు అన్నారుగా అంటే "అది కంప్రెసర్‌కి అమ్మా, పీసీబీకి ఒక్క సంవత్సరమే" అన్నాడు. అమ్మ నాకు ఫోన్ చేసి డబ్బు గురించి కాదు, "నన్ను వెర్రిదాన్ని చేశారురా" అని బాధపడింది. అప్పట్నుంచి డబ్బులు కట్టకుండా ఆ పీసీబీ మార్పించడానికి నేను తిరిగిన తిరుగుడులో తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నా, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా కొనబోతుంటే ముందే చదివి చెప్పండి.

షోరూంలో అడుగు పెట్టాక

ముందు ఒకటి తెలియాలి. పెద్ద షోరూంలో మీ దగ్గరికి వచ్చి ఓపిగ్గా అన్నీ చూపించే అబ్బాయి చాలాసార్లు షాపు మనిషి కాదు, ఏదో ఒక కంపెనీ పెట్టిన ప్రమోటర్, ఆ బ్రాండు అమ్మితేనే అతనికి ఇన్సెంటివ్. టార్గెట్లు పెట్టేది పైవాళ్లు, పాపం అతన్ని అనడానికేం లేదు, కానీ "ఆ మోడల్ కంప్లైంట్లు ఎక్కువ సార్, ఇది తీసుకోండి" అన్నప్పుడు ఆ మాట ఎక్కడ్నుంచి వస్తోందో మాత్రం గుర్తుంచుకోండి. వెళ్లేముందే ఇంట్లో కూర్చుని రెండు మూడు మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి. పేరు ఒకటే ఉండి చివర్లో ఒక్క అక్షరం మారితే లోపల వేరే వస్తువు అయ్యుండొచ్చు, కాబట్టి మోడల్ నంబరు మొత్తం రాసుకోవాలి.

స్టార్ రేటింగ్ చూసేటప్పుడు ఆ లేబుల్ మీద ఏ సంవత్సరానిదో కూడా చూడండి. ఆ స్టార్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్లు కొన్నేళ్లకోసారి లెక్క బిగిస్తారు, ఏసీలకి 2022 జులైలో మార్చినప్పుడు అంతకుముందు ఫైవ్ స్టార్ అన్నవి ఫోర్ స్టార్‌కి దిగాయి. ఆఫర్‌లో చవగ్గా ఇస్తున్నది పాత స్టాకేమో లేబుల్ చూస్తే తెలిసిపోతుంది.

వారంటీ దగ్గర అడగాల్సిన ప్రశ్న "ఎన్నేళ్లు" కాదు, "దేనికి ఎన్నేళ్లు". మొత్తం వస్తువుకి ఎంత, కంప్రెసర్‌కి ఎంత, పీసీబీకి ఎంత, గ్యాస్ నింపితే డబ్బులు ఎవరివి, మనిషి వస్తే విజిట్ ఛార్జి ఉందా. టీవీ అయితే ప్యానెల్‌కి ఎంత. వాషింగ్ మెషీన్ మీద పదేళ్లు అని పెద్ద స్టిక్కర్ ఉంటే అది మోటారుకే అయ్యుంటుంది. అతను నోటితో ఏం చెప్పినా "సరే తమ్ముడూ, ఇదే నాకు వాట్సాప్‌లో పెట్టు" అనండి. నిజమైతే పెడతాడు. నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే అదనంగా డబ్బు కట్టి వారంటీ పొడిగించుకునే ప్లాన్, దాని గురించి కాస్త ఎక్కువ చెప్తా, మేం దెబ్బ తిన్నది అక్కడే. అమ్మ బిల్లు ఫోటో తెప్పించుకుని చూస్తే కింద చిన్న అక్షరాల్లో ఈ ప్లాన్‌కి 2,999 అని ఇంకో లైను ఉంది. అమ్మకి ఎవరూ చెప్పలేదు, మొత్తం ఇంత అన్నారు, కట్టేసింది. అంటే పీసీబీకి కవర్ ఉన్నట్టే కదా అని షోరూంకి ఫోన్ చేస్తే "ఆ ప్లాన్ యాక్టివేట్ అవ్వలేదు సార్" అన్నారు. డబ్బులు తీసుకుని యాక్టివేట్ చేయకపోవడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చాలాచోట్ల ఈ ప్లాన్ వస్తువు కంపెనీది కాదు, వేరే కంపెనీది, దాని షరతులు వేరు, కంప్లైంట్ నంబర్ వేరు. తీసుకోవాలనుకుంటే ప్లాన్ ఎవరిది, ఎప్పట్నుంచి మొదలు, ఏమేం కవర్ కావు అని అడిగి, సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చాకే షాపు నుంచి కదలండి. వద్దనుకుంటే బిల్లు కొట్టకముందే గట్టిగా వద్దని చెప్పి, కొట్టాక ప్రతి లైనూ చదవండి. వెనక క్యూ ఉందని మొహమాటపడొద్దు, అది మీ డబ్బు.

నో కాస్ట్ ఈఎంఐ

వడ్డీ లేదు, వాయిదాల్లో కట్టండి అంటారు, కానీ వడ్డీ లేకుండా అప్పు ఎవరూ ఇవ్వరు. రిజర్వ్ బ్యాంకే 2013 సెప్టెంబర్‌లో బ్యాంకులకి రాసింది, సున్నా వడ్డీ అనేదే అసలు లేదని. మరి ఎలా ఇస్తున్నారంటే, వడ్డీ మొత్తాన్ని డిస్కౌంటుగా చూపించి సర్దేస్తారు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, ఇవి మాత్రం మీ స్టేట్‌మెంట్లో పడతాయి. తెలుసుకోవడం తేలికే, "మొత్తం ఇప్పుడే కట్టేస్తే ఎంత తగ్గిస్తావ్" అని అడగండి. 36,000 ఫోనుకి 34,000 అన్నాడనుకోండి, ఆ 2,000 ఏ మీ వడ్డీ.

షోరూంలో టేబుల్ వేసుకుని కూర్చునే ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆధార్ అడుగుతారు, వరసగా ఓటీపీలు వస్తుంటాయి, "చెప్పండి సార్ చెప్పండి" అని తొందరపెడతారు, ఒక్కో ఓటీపీ ఒక్కో దానికి, లోన్‌కి ఒకటి, ఆటోమేటిక్‌గా డబ్బులు కట్ అవ్వడానికి ఒకటి, ఇన్సూరెన్స్‌కో కార్డుకో ఇంకోటి. మెసేజ్ పూర్తిగా చదవకుండా ఏ అంకెలూ చెప్పొద్దు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, అందులో అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతోందో ఉంటుంది. అది చూపించాకే ముందుకెళ్దాం అని చెప్పండి.

బిల్లు, డబ్బా, డెలివరీ

జీఎస్టీ బిల్లు లేకుండా కొంచెం తగ్గిస్తా అంటే ఒప్పుకోవద్దు, రేపు ఏ కంప్లైంట్‌కైనా అదొక్కటే ఆధారం. బిల్లు మీద సీరియల్ నంబరు, డబ్బా మీద నంబరు, వస్తువు మీద నంబరు మూడూ ఒకటే ఉండాలి. ఫోన్ అయితే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే నంబరు) చూసుకోండి. ఇంకోటి, చాలా షాపుల బిల్లులు థర్మల్ కాగితం మీద ఇస్తారు, ఏడాదికల్లా అక్షరాలు చెరిగిపోతాయి, అదే రోజు ఫోటో తీసి మెయిల్ చేసుకోండి. మా అమ్మ దగ్గర బిల్లు తెల్లకాగితం అయిపోయింది, బాబాయి ఫోన్లో ఫోటో ఉండబట్టి బతికిపోయాం.

డబ్బా విప్పేటప్పుడు సీలు నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయండి, ఆన్‌లైన్ అయినా షాపు అయినా. టీవీ డెలివరీ బాయ్ దించేసి సంతకం పెట్టమంటాడు, ఇన్‌స్టాలేషన్ మనిషి రెండ్రోజులకి వచ్చి విప్పితే ప్యానెల్ పగిలుంటుంది, అప్పుడు ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకుంటారు. డెలివరీ మనిషి ముందే డబ్బా విప్పి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే పెట్టుకోండి. ఏసీ అయితే ఫ్రీ ఇన్‌స్టాలేషన్ అన్నమాట నమ్మి ఊరుకోకుండా స్టాండ్, గోడకి కన్నం, ఎక్స్‌ట్రా పైపు మీటరుకి ఎంత అనేది ముందే రాయించుకోండి.

ఆన్‌లైన్‌లో కొంటే కార్ట్‌లో మీరు పెట్టని ప్రొటెక్షన్ ప్లాన్ టిక్ అయి ఉందేమో చూడండి. అలా చొప్పించడం 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (సైట్లు కొనేవాళ్లని మాయచేసే పద్ధతులు) గైడ్‌లైన్స్ ప్రకారం తప్పు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని షాపువాళ్లు బిల్లు మీద అచ్చు వేసుకున్నా భయపడక్కర్లేదు, లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువే రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోను అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయపు వ్యాపారం. నచ్చలేదని ఇస్తే మాత్రం ఇది వర్తించదు.

పాడయ్యాక

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, దండం పెట్టి చెప్తున్నా. దొంగ నంబర్లు చాలా ఉన్నాయి, ఏదో యాప్ వేసుకోమంటారు, పది రూపాయలు కట్టమంటారు, అకౌంట్ ఖాళీ అవుతుంది. డబ్బా మీద కంపెనీ కన్స్యూమర్ కేర్ నంబర్ వేయడం తప్పనిసరి, అక్కడ్నుంచి తీసుకోండి. పొరపాటున డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయండి.

టెక్నీషియన్ వచ్చినప్పుడు జరిగేది ఒకటుంది. చూసి, "పార్ట్ ఆర్డర్ పెడతా, మీ ఫోన్‌కి కోడ్ వచ్చింది చూడండి, చెప్పండి" అంటాడు. దాన్ని వాళ్లు హ్యాపీ కోడ్ అంటారు. అది చెప్పారా, పని పూర్తయింది కస్టమర్ సంతోషంగా ఉన్నాడు అని కంప్లైంట్ క్లోజ్ అయిపోతుంది. అమ్మ చెప్పేసింది. మళ్లీ ఫోన్ చేస్తే "మీ కంప్లైంట్ రిజాల్వ్ అయింది మేడమ్", కొత్త నంబరు, మళ్లీ మొదటి నుంచి. ఏసీ నడిచి చల్లగాలి వచ్చాకే కోడ్ చెప్పాలి, అతను ఎంత బతిమాలినా సరే. వచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ (అతను చేసిన పని రాసిచ్చే కాగితం) అడగండి, ఏం పోయిందో అందులో రాయించండి, పార్ట్ మారిస్తే పాతది మీ కళ్లముందు పెట్టమనండి. ఫోన్ "నీళ్లు తగిలాయి, వారంటీ లేదు" అంటే లోపలి ఫోటో ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

ఫోన్లో ఎంత అరిచినా అది గాల్లోకి పోతుంది. మెయిల్ పెట్టండి. కోపం పక్కనపెట్టి నాలుగు విషయాలే రాయండి: ఫలానా తేదీన ఫలానా బిల్లు నంబరుతో కొన్నా, ఫలానా రోజు పాడైంది, ఈ తేదీల్లో ఈ కంప్లైంట్ నంబర్లు ఇచ్చా, నాకు ఇది కావాలి, పదిహేను రోజుల్లో చేయకపోతే కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తా. ఆన్‌లైన్ సైట్ అయితే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పెట్టాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి, ఇది ఆన్‌లైన్ అమ్మకాల మీద వచ్చిన 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది.

అప్పటికీ కదలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు, వాట్సాప్ అయితే 8800001915. వాళ్లు ఆర్డర్ వేయలేరు, కంప్లైంట్‌ని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, కానీ అక్కడ్నుంచి వెళ్లిన కంప్లైంట్ కంపెనీలో వేరే మనుషుల చేతికి వెళ్తుంది. మాకు అక్కడే పని అయింది, బిల్లులో 2,999 లైను ఫోటో పెట్టి ఈ డబ్బు దేనికి తీసుకున్నారు అని ఒక్కటే అడిగా. మూడు వారాలకి ఫ్రీగా పీసీబీ మార్చారు.

అక్కడా కాకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్. వస్తువుకి కట్టింది 50 లక్షల లోపు అయితే అక్కడే, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు ఇది, మా అమ్మలాంటి వాళ్లు తెనాలి నుంచి గుంటూరు వెళ్తే చాలు. కన్స్యూమర్ కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే ఫైల్ చేయొచ్చు. టైం పడుతుంది, చట్టంలో రాసిన మూడు నెలల్లో తేలిపోతుందని అనుకోవద్దు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి, "వచ్చే వారం చూస్తాం సార్" అంటూ వాళ్లు సాగదీసినంత మాత్రాన ఆ రెండేళ్లు పెరగవు, అందుకని వాళ్లు మొదటిసారి కుదరదన్న తేదీ బిల్లు ఫోటో పక్కనే రాసి పెట్టుకోండి.